‘ఫ్రీ’ యను మాట

భాషలోనికి పరభాషాపదములు ప్రవేశించుట క్రొత్త సంగతి కాదు. నిందింపదగిన సంగతియు కాదు. కాగితము, కుర్చీ, దస్తావేజు మొదలగునవి పారసీకారబ్బీ భాషల మూలమున వచ్చి మన యిండ్లలో స్థిరపడినవి. రైలు, స్టేషను, పోస్టు, కాఫీ ఇంగ్లీషు ద్వారమున వచ్చినవి. ఇట్టి మాటలవలన భాషకు హాని లేదు. వస్తువుతో కూడ వచ్చిన మాటకు ఆ వస్తువే పూచీ. స్టేషననగా నేమో తెలియనివాడు పోయి చూచి తెలిసికొనవచ్చును. కాని కొన్ని మాటలు వస్తువును వెంటబెట్టుకొని రాక, ఒక భావమును మాత్రము మోసికొని వచ్చును. వానికి పూచీ యెవరును లేరు. ఎవరికి తోచిన యర్థమున వారు వాడుకొందురు. వాడగా వాడగా ఆ యర్థములు ఒకదానితో నొకటి కలిసిపోవును. తుదకు మనము మాటాడుచున్నది ఏమో మనకే తెలియని స్థితి యేర్పడును. అట్టి మాటలలో ‘ఫ్రీ’ యనునది అగ్రగణ్యము.

మా వీధిలో ఒక్క యుదయమున ఈ మాట యెన్ని వేషములు వేయుచున్నదో లెక్కపెట్టి చూచితిమి. కూరగాయల బండివాడు “రెండు కిలోలు తీసుకుంటే కొత్తిమీర ఫ్రీ” అని కేకవేసెను. ఇచట వెల లేదని యర్థము. పొరుగువారు “సాయంత్రం ఫ్రీగా ఉన్నారా?” అని టెలిఫోనులో అడిగిరి; ఇచట తీరిక యని యర్థము. నీటిపంపు బాగుచేయవచ్చిన పనివాడు “ఇప్పుడు ఫ్రీగా తిరుగుతోందండీ” అనెను. ఇచట బిగువు సడలినదని యర్థము. క్రొత్తకోడలిని చూడవచ్చిన పెద్దమ్మగారు “మా దగ్గర ఫ్రీగా ఉండమ్మా” అని ఆదరించిరి. ఇచట సంకోచము వలదని యర్థము. బడికి పోవుచున్న బాలుడు “మాకు రెండో పీరియడ్ ఫ్రీ” అని సంతోషించెను. ఇచట పాఠము లేదని యర్థము. అంగడినుండి తెచ్చిన బిస్కత్తుల పొట్లముపై ‘షుగర్ ఫ్రీ’ యని యుండెను. ఇచట చక్కెర లేదని యర్థము. దానిని చూచిన యొక వృద్ధురాలు “ఆ ఫ్రీ ఇచ్చిన చక్కెర ఏదిరా?” అని మనుమని నడిగెను. ఇంటిల్లిపాదియు నవ్విరి. కాని ఆమె ప్రశ్నలో అజ్ఞానమేమున్నది? తలనూనె సీసాకు దువ్వెన ‘ఫ్రీ’ యైనపుడు బిస్కత్తుల పొట్లమునకు చక్కెర ‘ఫ్రీ’ యేల కారాదు? ఒకే మాట యొకచోట ఉన్నదనియు, ఇంకొకచోట లేదనియు చెప్పుచుండగా, మోసపోయినది ముసలమ్మ కాదు, మాటయే.

అనేకార్థములు కలిగియుండుట యే మాటకును దోషము కాదు. మన ‘హరి’ శబ్దమునకు లేవా? మా విచారము వేరు. ఈ ‘ఫ్రీ’ యొక్క అర్థములు ఒకదాని చాటున నొకటి దాగి, మన యిండ్లలోనే జరుగుచున్న యొక యన్యాయమునకు తెరగా నిలుచుచున్నవని మాకు తోచినది. ఆ తెరను తొలగించుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము. అందులకు మొదట ఆ మాట పుట్టుకను, ఎదుగుదలను చూడవలెను.

సంస్కృతమునకును, గ్రీకు లాటిన్ భాషలకును ఏకమూలము కలదని సర్ విలియం జోన్స్ 1786వ సంవత్సరమున కలకత్తాలో చేసిన యుపన్యాసము ప్రసిద్ధము. ఆ మూలభాషయందలి పకారము ఇంగ్లీషు, జర్మను మొదలగు భాషలలో ఫకారముగా మారినదను నియమమును జర్మను పండితుడగు యాకబ్ గ్రిమ్ 1822లో విశదీకరించెను. మన ‘పితృ’ శబ్దమునకు వారి ‘ఫాదర్’ జ్ఞాతి. ‘పాద’ శబ్దమునకు ‘ఫుట్’ జ్ఞాతి. ‘పంచ’ శబ్దమునకు ‘ఫైవ్’ జ్ఞాతి. ఈ వరుసలోనే ‘ఫ్రీ’ కి జ్ఞాతి యేదియని వెదకినచో దొరకునది ‘ప్రియ’ శబ్దము.

చదువరులు దీనిని చమత్కారమని తలపవలదు. శబ్దశాస్త్రజ్ఞులు అంగీకరించిన విషయమిది. ప్రాచీన ఇంగ్లీషులో ఈ కుదురునకు చెందిన క్రియకు ‘ప్రేమించుట’ యనియు ‘విడిపించుట’ యనియు రెండర్థములు నుండెను. ఆ క్రియనుండి పుట్టినదే ‘ఫ్రెండ్’ అను మాట. ప్రేమించువాడని దాని యవయవార్థము. వారమునందలి ‘ఫ్రైడే’ కి పేరిచ్చిన ఫ్రిగ్ అను దేవత పేరును ఈ కుదురునకు చెందినదే.

ప్రియమైనదను నర్థము బంధనములేనిదను నర్థముగా మారుట యెట్లు? దీనికి పండితులు చెప్పు సమాధానము మన యాలోచనకు కీలకమైనది. పూర్వకాలపు గృహమున రెండు తెగల మనుష్యులుండిరి. యజమానికి రక్తబంధువులగువారు ఒక తెగ, వారు ప్రియులు. యుద్ధమున చిక్కియో, ఋణమున పడియో, కొనబడియో వచ్చి చాకిరిచేయువారు రెండవ తెగ, వారు దాసులు. ప్రియులగువారు దాసులు కారు గనుక, ‘ప్రియుడు’ అను మాటకే ‘దాసుడు కానివాడు’ అను నర్థము క్రమముగా నేర్పడినది. లాటిన్ భాషలోను ఇట్టి దృష్టాంతము కలదు. స్వతంత్రుడను నర్థముగల ‘లీబెర్’ అను శబ్దముయొక్క బహువచనమగు ‘లీబెరీ’ యనగా ఇంటి బిడ్డలని యర్థము.

ఇందుండి మనము గ్రహింపవలసినవి రెండు. మొదటిది: స్వాతంత్ర్యమనగా బంధువులనందరిని విడనాడి యొంటరిగా నుండుటయని నేడు పలువురు తలచుచున్నారు గాని, ఈ మాట పుట్టినపుడు స్వతంత్రుడనగా పదిమందికి ప్రియుడైనవాడు. రెండవది: ఆ ప్రియజనుల స్వాతంత్ర్యము దాసుల వెన్నుమీద నిలిచియుండెను. ఈ రెండు సంగతులను చదువరులు జ్ఞప్తియందుంచుకొందురుగాక.

తరువాతి చరిత్ర సులభముగానే తెలియును. దాసుడు కానివాడు ఫ్రీ. ఆ పిమ్మట చెరలో లేనివాడు ఫ్రీ. పన్ను, సుంకము, రోగము, భయము మొదలగు బాధలేవియు తగులనివాడు ఆయా బాధలనుండి ఫ్రీ. పట్టులేక వ్రేలాడు త్రాడు ఫ్రీ. పనిలో చిక్కుకొనని చేయి ఫ్రీ. ధనమును ధారాళముగా నిచ్చువాడును ఫ్రీయే. ఇట్లు అర్థము కొమ్మలు వేయుచుండగా, సుమారు పదునారవ శతాబ్దాంతమునకు ‘ఖర్చునుండి విడివడినది’ యను నర్థమున ఈ మాట వెల లేని వస్తువులకును చెల్లినది. వెల లేమి యీ మాటకు కడగొట్టు బిడ్డ యనవలెను. ప్రభువెవరును పోషింపక, డబ్బిచ్చినవారి పక్షమున యుద్ధము చేయు బల్లెపుభటుని పేరుగా వాల్టర్ స్కాటు ‘ఐవాన్‌హో’ నవలలో వాడిన ‘ఫ్రీలాన్స్’ అను మాట, నేడు జీతగాండ్రు గాక విడిగా పని చేసికొను పత్రికారచయితలకును చిత్రకారులకును పేరైనది. ఆ ఫ్రీలాన్సు పని యూరక చేయునది కాదు, కూలికి చేయునది. ఇచట ‘ఫ్రీ’ యనగా యజమాని లేమియే గాని వెల లేమి కాదు.

ఇంకొక విశేషము. ఇంగ్లీషువారు ‘ఫ్రీ’ యను విశేషణమునకు ఇన్ని యర్థములు పెట్టినను, ‘ఫ్రీడమ్’ అను నామవాచకమునకు మాత్రము వెల లేమి యను నర్థము నంటనీయలేదు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచి భాషనుండి వచ్చిన ‘లిబర్టీ’ కిని ఆ యర్థము లేదు. మనము ఇంగ్లీషునుండి విశేషణమును మాత్రమే తెచ్చుకొని, దానికి ‘గా’ యను ప్రత్యయమును తగిలించి ‘ఫ్రీగా’ యనుచున్నాము. నామవాచకమును అచటనే వదలి వచ్చితిమి. వారికి గల కాపుదల మనకు లేకపోవుటకు ఇదియే కారణము.

మరి మన భాషలో ఈ యర్థములకు మాటలు లేకనా తెచ్చుకొన్నది? లేకేమి! పనిలేని సమయమునకు తీరిక, తెరపి కలవు. బంధములేమికి విడుదల, విముక్తి కలవు. తన యిచ్ఛ వచ్చినట్లు నడచుటకు స్వేచ్ఛ కలదు. తన్ను తానే యేలుకొనుటకు స్వాతంత్ర్యము కలదు. మేర మీరినచో విచ్చలవిడి కలదు. సంకోచము లేకుండుటకు చనువు కలదు. వెల లేకుండ వచ్చుదానికి ఊరక, పుణ్యమునకు, ధర్మమునకు అను మాటలు కలవు. పేదలకు వైద్యముచేయు సర్కారు వైద్యశాలను మన పెద్దలు ధర్మాసుపత్రి యనిరి గాని ఫ్రీ ఆసుపత్రి యనలేదు. ‘ధర్మ’ మన్నపుడు ఇచ్చువాని బాధ్యత వినబడును. ‘ఫ్రీ’ యన్నపుడు పుచ్చుకొనువాని లాభము మాత్రమే వినబడును. పుణ్యమునకు పుట్టెడిచ్చిన పిచ్చకుంచమని పోట్లాడెనను సామెత పుచ్చుకొనువాని దురాశను పరిహసించునదే యైనను, అందును ఇచ్చినవా డొకడు కనబడుచున్నాడు.

అంగడి వ్యవహారమున మనకు ‘కొసరు’ అను చక్కని మాట యుండెను. బేరము ముగిసి, తూకము సరిపడిన పిదప, కొనువాడు చేయిచాచి అడిగి పుచ్చుకొను నాలుగు మిరపకాయలు కొసరు. అది కొనువాని హక్కు; అమ్మువాని మర్యాద. నేటి ‘ఫ్రీ’ యట్టిది కాదు. అది బేరమునకు ముందే గోడమీద వ్రాయబడును. కొసరు బేరము ముగిసిన గుర్తు. ‘ఫ్రీ’ గాలమునకు గ్రుచ్చిన యెర. ఒకటి కొన్నచో రెండవది ఫ్రీ యని ప్రకటించినవాడు రెంటి వెలయు మొదటిదానిపైననే వేసియుండునని గ్రహించుటకు అర్థశాస్త్రము చదువనక్కరలేదు.

ఇక ‘ఉచితము’ అను మాటను విచారింతము. సంస్కృతమున దీనికి తగినది, యుక్తమైనది యని యర్థము. సముచితము, అనుచితము అను మాటలలో ఆ యర్థమే నేటికిని నిలిచియున్నది. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరదేశపు క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యమునకు జీవమని యొక గ్రంథమే వ్రాసెను. అట్టి ‘ఉచితము’ తెలుగున వెల లేనిదను నర్థమున స్థిరపడినది. దీనిని భ్రష్టత్వమని నిందించుట కంటె, పాతయర్థమును క్రొత్తయర్థమునకు ఒరగల్లుగా వాడుకొనుట మేలు. వెల లేక వచ్చినదెల్ల తగినదేనా? ఏది వెల లేక యిచ్చుట తగును, ఏది తగదు? ఈ ప్రశ్నను ‘ఫ్రీ’ యను మాట యడుగనీయదు. ‘ఉచితము’ అను మాట తన పుట్టుకచేతనే యడుగుచున్నది.

వెల లేకపోవుట స్వాతంత్ర్యమునకు మార్గమగు సందర్భములు కలవు. మన రాజ్యాంగమున 2002వ సంవత్సరపు సవరణచే చేరిన 21ఎ అధికరణము ఆరు మొదలు పదునాలుగు సంవత్సరముల ప్రాయముగల బాలబాలికల కెల్లరకు ఉచిత నిర్బంధవిద్య నొసగవలెనని శాసించినది. తదనుసారముగా 2009లో చేయబడిన చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. చిత్రమేమనగా, ఇచట ఇంగ్లీషు మూలమున ‘ఫ్రీ’ యను మాట ప్రక్కనే నిర్బంధమను నర్థముగల మాట నిలిచియున్నది. ఫ్రీ యనగా స్వేచ్ఛయే యైనచో నిర్బంధముతో నెట్లు పొసగును? వెల లేని చదువును నిర్బంధించి చెప్పించినయెడల, ఆ బిడ్డ పెద్దదై స్వేచ్ఛను తానే సంపాదించుకొనునని శాసనకర్తల యాశయము. తెలంగాణమున 2023 డిసెంబరు 9వ తేదీనుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15వ తేదీనుండియు స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో టిక్కెట్టు వెల లేని ప్రయాణము ఏర్పాటు చేయబడినది. ఖజానా భారమునుగూర్చి వాదింపవచ్చును, వాదింపవలయును గూడ. కాని పుట్టింటికి పోవుటకై భర్తను చార్జీ డబ్బు లడుగనక్కరలేని యిల్లాలికి ఆ టిక్కెట్టులో దొరికినది వెల లేమి మాత్రమే కాదు.

వెలయును స్వేచ్ఛయు వేరని స్పష్టముగా చాటినవారు కంప్యూటరు విద్వాంసులు. 1983లో అమెరికాదేశస్థుడగు రిచర్డ్ స్టాల్‌మన్ ప్రారంభించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమమున ‘ఫ్రీ’ యనగా ఎవరైనను చూచి, నేర్చి, మార్చి, పదిమందికి పంచుకొను నధికారమేగాని డబ్బులేమి కాదని ఆయన పదేపదే వివరింపవలసివచ్చినది. ఇంగ్లీషున రెంటికి నొకే మాట యుండుటయే యీ చిక్కునకు హేతువు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా నిర్వాహకులు ఈ చిక్కును దాటిరి. వారు తమ గ్రంథమును ఉచిత విజ్ఞానసర్వస్వమనలేదు, స్వేచ్ఛా విజ్ఞానసర్వస్వమనిరి. అనువాదమున వివేకమనగా నిదియే. మూలభాషలో కలిసియున్న రెండర్థములను మన భాష విడదీసి చూపగలిగినపుడు, విడదీయుటయే తగినది.

ఇంతవరకు వెల లేని వస్తువును గూర్చి చెప్పితిమి. వెల లేని శ్రమ మాట యేమి? ఇచట మన భాషలో నొక భయంకరమైన మాట కలదు: అది ‘వెట్టి’. కూలి లేక చేయు పని వెట్టి. నిజాము ప్రభుత్వకాలమున తెలంగాణములో దొరలకును అధికారులకును చేతివృత్తులవారు, దళితులు తరతరములుగా వెట్టిచేసిరి. 1946 మొదలు 1951 వరకు సాగిన రైతాంగ పోరాటమునకు ఈ వెట్టి ముఖ్యకారణములలో నొకటి. మన రాజ్యాంగములోని 23వ అధికరణము దీనిని నిషేధించినది. ఇంగ్లీషున వ్రాయబడిన ఆ యధికరణమున దీనికి సరియైన ఇంగ్లీషు మాట దొరకక ‘బేగార్’ అను దేశీయపదమునే యుంచవలసివచ్చెననుట గమనింపదగినది. ఏల దొరకలేదు? కూలి లేని పనిని ‘ఫ్రీ’ యని పిలిచెడి భాషలో, ఆ ఫ్రీ పని చేయువాడు ఫ్రీ కానేకాడను సంగతి నెట్లు చెప్పగలరు? తెలుగున నొక్క మాటలో చెప్పవచ్చును. వస్తువు ఊరక వచ్చినచో పుచ్చుకొనువానికి లాభము; శ్రమ ఊరక పోయినచో చేయువానికి దాస్యము.

1982లో సుప్రీంకోర్టువారు ఆసియా క్రీడల నిర్మాణములలో పనిచేసిన కూలీల విషయమై తీర్పు చెప్పుచు, చట్టము విధించిన కనీసవేతనమునకు తక్కువ యిచ్చి చేయించుకొను పనియు ఆ 23వ అధికరణము నిషేధించిన బలవంతపు చాకిరియే యని నిర్ణయించిరి. బలవంతమనగా కొరడా మాత్రమే కాదు. ఆకలి, వేరు దారి లేమియు బలవంతమే యని వారి యభిప్రాయము. ఈ మాటను మనసునందుంచుకొని ఇక మన యింటిలోనికి వత్తము.

మేము చేసిన యొక తప్పిదమును ఇచట నొప్పుకొనవలసియున్నది. కొంతకాలము క్రిందట మా మిత్రులొకరు ఒక సభకు కార్యకర్తలను సమకూర్చుచు, “మీ ఇంట్లోవారు ఏమి చేస్తుంటారు?” అని యడిగిరి. మేము ఆలోచింపకయే “ఏమీ లేదండీ, ఇంట్లో ఫ్రీగానే ఉంటారు” అంటిమి. అప్పుడామె వంటయింటిలో పిండి రుబ్బుకొనుచు, ఒక చెవి పాలపొంగుపైనను ఒక చెవి మా మాటపైనను వేసియుండెను. మిత్రులు వెడలినపిమ్మట వచ్చి, కోపపడక, నవ్వుచునే “ఏమండీ, నేను ఫ్రీగా ఉన్నానని చెప్పారట. ఆ తీరిక ఎక్కడ దాచారో చూపించండి, ఒక్క ఘడియ పోయి కూర్చుని వస్తాను” అనిరి. మాకు ప్రత్యుత్తరము తోచలేదు. సంస్కరణమునుగూర్చి యెన్నో వ్యాసములు వ్రాసిన మా నోటనుండి, తెల్లవారకమున్నె లేచి రాత్రి యందరును పరుండిన పిదప పరుండు మనిషినిగూర్చి వచ్చిన మాట ‘ఫ్రీ’!

ఆ ‘ఫ్రీ’ లో మూడర్థములును ఒకదాని చాటున నొకటి దాగియున్నవి. ఆమె పనికి వెల లేదు. అది మొదటి ఫ్రీ. వెల లేదు గనుక అది పనియే కాదని తలచి, ఆమెకు తీరిక యున్నదనుకొంటిమి. అది రెండవ ఫ్రీ. ఇంటిపట్టున తీరికగా నుండు మనిషికి ఇంతకంటె స్వేచ్ఛ యేమి కావలెనని తృప్తిపడితిమి. అది మూడవ ఫ్రీ. మొదటిది నిజము, మిగిలిన రెండును మొదటిదాని నీడలో పుట్టిన యబద్ధములు.

ఇది మా యొక్క యింటి సంగతియే కాదు. భారతప్రభుత్వ గణాంకశాఖవారు 2019లో జరిపించిన కాలవినియోగ పరిశీలన ప్రకారము, ఇంటివారికై జీతములేక చేయు గృహకృత్యములలో ఆరేండ్లు పైబడిన స్త్రీలలో నూటికి 81.2 మంది పాల్గొనుచుండగా, పురుషులలో 26.1 మంది మాత్రమే పాల్గొనుచుండిరి. పాల్గొన్న స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును ఆ పనిలో గడపుచుండిరి. 299 నిమిషములనగా ఒక్క నిమిషము తక్కువగా అయిదు గంటలు. పసిబిడ్డలను, వృద్ధులను కనిపెట్టుకొని యుండు కాలము దీనిలో చేరలేదు.

మన కథకులు ఈ సంగతిని గణాంకములకంటె ముందే చెప్పిరి. పి. సత్యవతిగారి ‘ఇల్లలకగానే’ యను కథలో ఇల్లలుకుట యందే మునిగిన యిల్లాలు తన పేరునే మరచిపోవును. పేరు మరచిపోవుట కల్పన కావచ్చును; ఇంట నెవరును ఆమెను పేరుపెట్టి పిలువకపోవుట కల్పన కాదు. ఓల్గాగారు 1987లో వెలువరించిన నవలకు ‘స్వేచ్ఛ’ యనియే పేరిడిరి. అందలి నాయిక తానుగా వరించి పెండ్లాడియు, స్వేచ్ఛ యెచట నున్నదని వెదకుకొనవలసిన దాయెను. ఆ నవలకు ‘ఫ్రీ’ యని పేరిడియున్నచో నెట్లుండునో చదువరులు ఊహింపుడు. ఆ మాట తేలికదనము అప్పుడు తెలియును.

ఇంతేకాదు. ఈ మాటయందు పక్షపాతమును కలదు. “మావాడు అందరితో ఫ్రీగా ఉంటాడు” అన్నపుడు అది మెచ్చుకోలు. “ఆ పిల్ల అందరితో ఫ్రీగా ఉంటుంది” అన్నపుడు వినువారి కనుబొమలు ముడిపడును. కుమారుని పట్ల చనువైనది కుమార్తె పట్ల విచ్చలవిడియైనది. పనిచేయునపుడు ఫ్రీగా చేయవలెను. మాటాడునపుడు మాత్రము ఫ్రీగా మాటాడరాదు! ఒకే మనిషికి వెల లేమిని విధించి స్వేచ్ఛను నిషేధించుటకు ఒకే మాట చాలినది. స్త్రీకి స్వాతంత్ర్యము తగదని శాసించిన స్మృతికర్తను నేటి విద్యావంతులు సభలలో ఖండించుచున్నారు. ఆయన తన యభిప్రాయమును దాచక చెప్పెను. మనము దాచి చెప్పుచున్నాము, అదియే భేదము.

ఇచట కొందరు పెద్దలు ఆక్షేపింపవచ్చును: “తల్లి పెట్టిన ముద్దకు వెలగట్టుదురా? ప్రేమతో చేయు పనిని వెట్టితో పోల్చుట తగునా?” అని. ఈ యాక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. దొరగడిలోని వెట్టియు, తల్లి పెట్టిన ముద్దయు నొకటి కావు. మేమట్లు చెప్పుటయు లేదు. ప్రేమకు వెల లేదనుట సత్యము. కాని ప్రేమకు వెల లేదను సత్యమును, అంట్లు తోముటకు మనిషి యక్కరలేదను అసత్యమునకు సాక్ష్యముగా తేరాదు. ప్రేమతో చేసినదో, వేరు దారి లేక చేసినదో తెలియుటకు పరీక్ష యొకటే కలదు. ఆమె ఒకనాడు చేయననినచో నేమగును? ఆ దినము తక్కినవారు లేచి పొయ్యి ముట్టించినయెడల అది ప్రేమగల యిల్లు. ఇల్లంతయు అల్లకల్లోలమై ఆమె క్షమాపణ చెప్పుకొనవలసివచ్చినయెడల, ఆ పనికి పెట్టవలసిన పేరును చదువరులే నిర్ణయింతురుగాక.

మరికొందరు భాషాభిమానులు “ఆ మాటనే బహిష్కరింపుడు, చిక్కు తీరును” అనవచ్చును. మాకు అందు నమ్మకము లేదు. మాటను వీధిలోనికి గెంటినను, ఆ భావము ‘ఖాళీ’ యను మాట తొడిగికొని పెరటిత్రోవను తిరిగి వచ్చును. మాటను వెడలగొట్టుటకంటె ప్రశ్నించుట మేలు. ఎవరైనను ఫ్రీ యన్నపుడు, వెల లేమియా, తీరికయా, స్వేచ్ఛయా యని యడుగుదము. వెల లేమి యైనచో ఆ వెల చెల్లించుచున్నదెవరని యడుగుదము. తీరిక యైనచో ఆ తీరిక యెవరి శ్రమవలన వచ్చినదని యడుగుదము. స్వేచ్ఛ యైనచో మన ప్రక్కనున్నవారికిని ఉన్నదా యని యడుగుదము. ఈ మూడు ప్రశ్నలను బడిలో కాదు, భోజనపు పీటలమీదనే బిడ్డలకు నేర్పవలెను. తాను తిన్న కంచమును తానే కడుగుకొను బాలుడు ఈ మాట యర్థమును నిఘంటువు చూచినవానికంటె బాగుగా తెలిసికొనును.

ఈ మాట పుట్టిన ప్రాచీనగృహమున ప్రియులు వేరు, దాసులు వేరు. ప్రియులగుటయే స్వతంత్రులగుట. మన గృహములలో నింకొక వింత జరిగినది. ఇల్లాలు ప్రియ, కాదనువారెవరు? ఇంటికి దీపమనుచున్నాము, లక్ష్మి యనుచున్నాము. ఆమెకు ఉత్తమగుణములు చెప్పిన ప్రసిద్ధశ్లోకమొకటి దాసీత్వమునే మొదట నిలిపినది. ఆ పాశ్చాత్యులు ఇద్దరు మనుష్యులకు పంచి పెట్టిన రెండు పదవులను మనము ఒక్కతెకే కట్టబెట్టితిమి. ప్రియయైనను స్వతంత్ర కానిది ఈ యింటిలో ఆమె యొక్కతియే.

ఫ్రైడే యనగా మన శుక్రవారము. ఆ దినమున మన యిండ్లలో తెల్లవారకమున్నె గడపలు కడిగి పసుపు వ్రాసి కుంకుమ బొట్లు పెట్టుదురు. ఎవరు పెట్టుదురో చెప్పనక్కరలేదు. ప్రేమించుటయు విడిపించుటయు నొక్కటే క్రియయని తలచిన ప్రాచీనుల భాషనుండి ఆ దినమునకు పేరు వచ్చినది. వచ్చు శుక్రవారమున మన యింటి పురుషులలో నొకడైనను ఆ గడపవద్ద చెంబును తానందుకొని, “నువ్వు కాసేపు కూర్చో” అని యనినయెడల, అపుడామెకు దొరకు నరగంటకు ‘ఫ్రీ’ యని పేరు పెట్టుటకు మాకు అభ్యంతరము లేదు. మొన్నటి శుక్రవారము మేమందుకొంటిమి. పసుపు వంకరగా పూసితిమట. అయినను ఆమె కూర్చుండిరి.